చూరుకి అడుగున్నర

కాశీనగరంలో సుభద్ర బెహరా ఇల్లు లేస్తున్నప్పుడు
నాకు పద్నాలుగేళ్లు.
బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు,
కలలు ఏ భాషలో వచ్చేవో గుర్తులేదు.

నాన్న వాసాలు కోసేవాడు.
చెవి మీద బొద్దు పెన్సిలు,
ఎర్ర కొస కోతకి, నీలం కొస బెజ్జానికి.

ఆ రోజు పాణిగ్రాహి సార్ కొత్త పాఠం చెప్పారు.
సమకోణానికి ఎదురుగా పడుకునే భుజం
అన్నిట్లోకీ పొడుగు.
ఒడియాలో దాని పేరు కర్ణ, తెలుగులో కర్ణం.
చివర ఒక సున్నా తేడా, అంతే.

పరిగెత్తుకుంటూ వచ్చి నాన్నకి చెప్పాను.
"కరణమా?" అన్నాడు రంపం ఆపి.
"నిజమే, అందరికన్నా పొడుగు ఆడి సెయ్యే.
మా తాత మడిచెక్కకి మూల నుంచి మూలకి గీత గీసి
సగం రాసీసుకున్నాడు."
కరణం కాదు నాన్నా, కర్ణం.
"ఇద్దరూ అడ్డంగా పోయీవోల్లే కదేటి."

నడికొప్పు కింద నుంచి గోడకి ఎనిమిది అడుగులు.
గోడ మీంచి నడికొప్పు ఎత్తు నాలుగు.
ఇసక కుప్ప మీద కూర్చుని లెక్క మొదలెట్టాను.
ఎనిమిది ఎనిమిదులు అరవైనాలుగు,
నాలుగు నాలుగులు పదహారు,
కలిపితే ఎనభై.
ఎనభైకి మూలం తేలలేదు.
ఎనిమిది పాయింట్ తొమ్మిది నాలుగు నాలుగు...
మే నెలలో వంశధార ఇసకలో చెలమ తీసినట్టు
తవ్వేకొద్దీ తడి, అడుగు మాత్రం తగలదు.
నోటుబుక్కులో చివరి పేజీ అయిపోయింది.

నాన్నకి మూల అంటే నక్షత్రం,
కాకపోతే ఇంటి మూల.
నేల మీద ఎనిమిది అడుగులు సున్నపుదారం కొట్టాడు.
కొసన మూలమట్టం ఆనించి
నాలుగు అడుగులు నిలువు కొట్టాడు.
ఈ కొస నుంచి ఆ కొసకి టేపు లాగి
ఒక కన్ను మూసి చదివాడు:
"ఎనిమిది అడుగుల పదకొండు అంగుళాలు.
రెండు నూళ్లు దాటింది, మూడోది అందలేదు."

నేనింకా తవ్వుతున్న చోటే అది.
అంగుళంలో ఎనిమిదో వంతుని నూలు అంటారని
నాకు ఆ పూటే తెలిసింది.
అంకె తెగని చోట
దారం తెగింది.

అందుకే మర్నాడు
పది అడుగుల ఐదు అంగుళాల దగ్గర
నాన్న ఎర్ర గీత పెడితే
తప్పు, తప్పు అని అరిచాను.
సాల కర్ర. అప్పు చేసి తెచ్చిన కర్ర.
సుభద్ర కూడా చేటలో బియ్యం వదిలేసి లేచి వచ్చింది.

నాన్న పెన్సిలు మళ్లీ చెవి మీదికి ఎక్కించాడు.
"నీ లెక్క గోడ దాకా బాగుందమ్మా.
గోడ కాడ ఆగిపొమ్మని వానకి ఎవులు సెప్తారు?
సూరుకి అడుగున్నర ఒదల్లేదంటే
మట్టిగోడ మూడేళ్లు."

బళ్లో ఈ మాట చెప్పాను.
పాణిగ్రాహి సార్ నవ్వలేదు.
బోర్డు మీది త్రిభుజాన్ని కాసేపు చూసి
కర్ణాన్ని సుద్దముక్కతో కొంచెం బయటికి లాగారు,
గోడ దాటించి, కిందికి.
వెంటనే చేత్తో చెరిపేశారు.
పరీక్షలో ఇలా రాయకండి అన్నారు.

ఇప్పుడు గుణుపురంలో అదే పాఠం నేను చెప్తున్నాను.
నా పిల్లల ఇళ్లకి స్లాబులు,
వాళ్ల వాన గొట్టంలోంచి దిగుతుంది.
ఎవరూ గోడ తర్వాత ఏమిటని అడగరు.

పోయిన ఆగస్టులో కాశీనగరంలో బస్సు దిగానో లేదో
ఆకాశం చిల్లుపడింది.
తలదాచుకోవడానికి పరిగెత్తిన చూరు
ఎవరిదో పెంకులు చూస్తే గాని తెలియలేదు.
అప్పటికే అక్కడ అల్లం గంపతో ఒక సవర ముసలమ్మ,
గాలిపోయిన సైకిలుతో ఒక కుర్రాడు,
ఎవరిదో మేక, దాని పిల్ల.
మట్టిగోడ అలాగే ఉంది, నా వీపుకి పొడిగా తగిలింది.

లోపలి నుంచి సుభద్ర
ఎవరూ అని ఒడియాలో అడిగింది.
వడ్రంగి కూతుర్ని అని తెలుగులో అన్నాను.
తలుపు తీసే లోపు నిలబడే లెక్క వేశాను.
వాలు వెంబడి అడుగున్నరంటే
నేల మీద పదహారు అంగుళాలే.
మేకపిల్లకి చోటిచ్చి
నేను ఇవతలికి జరిగాను.
కాలివేళ్లు తడుస్తున్నాయి.

రెండడుగులు వదలాల్సింది, నాన్నా.